ఎలీసమ్మ ఇంటి నల్లరాయి

ఎలీసమ్మ తన జన్మలో నడవని చోటు లేదు. వాన కురిసిన మర్నాడు నెత్తిన పత్తికట్టె మోపు పెట్టుకుని నల్లరేగడి గట్ల మీద నడిచింది. కూలీల లారీ ఎక్కి సత్తెనపల్లి వైపు మిరపకోతలకు వెళ్ళి, కాయల బస్తా మోసుకుంటూ కల్లం దాకా నడిచింది. నిండు చూలాలిగా ఉండి కూడా చెప్పుల్లేని కాళ్ళతో ఎండలో నడిచింది. ఎక్కడా కాలు జారలేదు. చివరికి పడింది ఎక్కడయ్యా అంటే సొంత ఇంట్లో, బాత్‌రూమ్ గడప ముందు, కట్టుకున్నవాడు అద్దంలా తీర్చిపెట్టిన రాతి మీద. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు చేతి నొప్పికంటే ఒంటి మంటే ఎక్కువయ్యేది.

ఆ కట్టుకున్నవాడి పేరు జయరావు. చీమకుర్తిలో గ్రానైట్ కోసే ఫ్యాక్టరీలో పాలిష్ మేస్త్రీగా చేసి మానుకున్నాడు. ఆయన చెయ్యి పడిన రాయిలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఫ్యాక్టరీలో అనేవాళ్ళు. ఆ మాట ఎవరన్నారో, ఎప్పుడన్నారో, అప్పుడు పక్కన ఎవరెవరున్నారో జయరావు ఇప్పటికీ చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు.

కాలనీలో ఇల్లు కట్టుకున్నప్పుడు అందరూ సిమెంటు గచ్చు చేయించుకున్నారు. జయరావు మాత్రం అంచులు విరిగి పక్కన పడేసిన పలకల్ని యజమానిని అడిగి ఇంటికి తోలించుకున్నాడు. చుక్కలు చుక్కలుగా మెరిసే నల్లరాయి. దాన్ని అతికించి, అరగదీసి, ఆదివారాలు ఆరాధన ఎగ్గొట్టి మరీ పాలిష్ పట్టాడు. ముందు మెట్లకు వేశాడు, రెండు గదులకూ వేశాడు, వంటింటికి వేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బాత్‌రూమ్‌లోనూ అదే వేశాడు. నీళ్ళు పడే చోట నున్నటి రాయి వేసుకునే తెలివి రాతి పని తెలిసినవాళ్ళకే ఉంటుంది కాబోలు. చీమకుర్తి చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళు బోలెడున్నాయి. రాయి దగ్గర్లో దొరుకుతుంది, మెరుపు కళ్ళకు కనబడుతుంది, దాని మీద నడవాల్సిన కాళ్ళు ముసలివవుతాయని మాత్రం ఎవరికీ తోచదు.

మొదట్లో ఎలీసమ్మ కూడా మురిసిపోయింది. పాస్టరుగారి భార్య గుమ్మంలో నిలబడి, అడుగు పెట్టాలంటే మనసు రావడం లేదమ్మా అన్నప్పుడు ఆమె రెండు రోజులు అదే చెప్పుకుంది. ఇప్పుడు అడుగు పెట్టాలంటే ధైర్యం రావడం లేదు.

రాయి మెరిస్తే చాలదు జయరావుకు. శనివారం వచ్చిందంటే పాత లుంగీ ముక్కను కొబ్బరినూనెలో ముంచి నేలంతా తుడుస్తాడు. ఫ్యాక్టరీలో కొనేవాళ్ళు వచ్చినప్పుడు నల్లరాయికి అలా రుద్ది చూపించేవాళ్ళట. ఇక్కడ కొనేవాళ్ళెవరూ రారు. అయినా ఆదివారం ప్రార్థన ముగించుకుని నలుగురు ఇంటికొస్తే నేల నిగనిగలాడాలి.

అలాంటి ఒక శనివారం సాయంత్రమే ఎలీసమ్మ తడికాళ్ళతో బాత్‌రూమ్‌లోంచి బయటికొచ్చింది. కాలు కిందపెట్టడమే గుర్తు. తర్వాత పైకప్పు కనబడింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. జయరావు కంగారుగా వచ్చాడు, లేపాడు, ఆటో పిలిచాడు, దారి పొడుగునా ఏడ్చాడు. అంతా బాగానే ఉంది. తీరా కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక, తడికాళ్ళతో ఎవరు రమ్మన్నారే నిన్ను అన్నాడు. స్నానాల గదిలోంచి మనిషి పొడికాళ్ళతో ఎలా వస్తుందో ఎలీసమ్మకు నేటికీ అర్థం కాలేదు.

మళ్ళీ పడితే ఈసారి తుంటి విరుగుతుందని, ఆ వయసులో తుంటి విరిగితే లేచి తిరగడం కష్టమని డాక్టరు కొడుక్కి చెప్పాడు. కొడుకు ఇమ్మానుయేలు ఒంగోల్లో ఎలక్ట్రీషియన్. వారం తిరక్కుండా భార్య మహిమను తీసుకుని, సంచి నిండా సామాను వేసుకుని వచ్చాడు. అక్కణ్ణుంచి మొదలైంది అసలు తతంగం.

మహిమ అడుగున రబ్బరున్న పట్టాలు తెచ్చి బాత్‌రూమ్‌లోనూ గడప దగ్గరా పరిచింది. వాళ్ళ బస్సు కదిలిందో లేదో జయరావు వాటిని తీసి గోడ మీద ఆరేశాడు. పట్టా కింద చెమ్మ చేరితే రాయికి మచ్చ పడుతుందట. ఇమ్మానుయేలు గోడకు పట్టుకునే కడ్డీ బిగిద్దామని డ్రిల్లింగ్ మిషన్ తెచ్చాడు. గోడకూ నల్లరాయే అతికించి ఉంది కాబట్టి, చిల్లి పెడితే పలక నెర్రె విచ్చుతుందని జయరావు మిషన్ వైరు పీకి చుట్టచుట్టి ఇచ్చేశాడు. ఇంట్లో వేసుకోవడానికి మెత్తని చెప్పులు కొన్నారు. ఇంట్లో చెప్పులేమిటని జయరావు అన్నాడు. నిజానికి అది ఎలీసమ్మకూ ఎబ్బెట్టుగానే ఉంది. మోకాళ్ళూని ప్రార్థన చేసుకునే నేల మీద చెప్పులతో నడవడానికి ఆమెకు కాళ్ళు రాలేదు. వాళ్ళు తెచ్చినవాటిలో జయరావు సంతోషంగా ఒప్పుకుంది ఒక్క రాత్రి బల్బుకే. ఆ వెలుగులో రాతి చుక్కలు బాగా కనిపిస్తాయట.

వీటన్నిటికీ బదులుగా ఆయన పెళ్ళానికి నడక నేర్పడం మొదలుపెట్టాడు. పాదమంతా ఒక్కసారి ఆనించాలట, మడమ ముందు వెయ్యకూడదట, మోకాలు కాస్త వంచాలట. ముప్పొద్దులా ఇదే పాఠం. తప్పు రాయిది కాదు, నడకదట. ఎలీసమ్మ వింటూ, మంచం పట్టె పట్టుకుని, తర్వాత కిటికీ, తర్వాత తలుపు పట్టుకుని, గదిలోంచి గదిలోకి వెళ్ళేసరికి చెమటలు పట్టేవి. నీళ్ళు తాగితే బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం తగ్గించేసింది. ప్రార్థనకు వచ్చే ఆడవాళ్ళు కూడా ఇప్పుడు వాకిట్లోనే చాపేసుకుంటున్నారు. ఎందుకమ్మా ఎండలో, లోపలికి రండి అని జయరావు పిలుస్తాడు. లోపలికి ఎందుకు రావడం లేదో ఆ మహానుభావుడికి ఒక్కడికే తెలియదు.

ఇమ్మానుయేలుకు ఓపిక నశించింది. ఆదివారం వచ్చి తేల్చి చెప్పాడు. నేల మీద మెరుపు పోయేలా ఉలితో గంట్లు కొట్టించుకుంటారా, లేక సామాను సర్దుకుని మా దగ్గరికి వచ్చేస్తారా, వచ్చే ఆదివారానికి ఏదో ఒకటి చెప్పమన్నాడు. వాడు అద్దెకుండేది రెండో అంతస్తులో. కిందికి దిగాలంటే ఇరుకు మెట్లు. అక్కడికి వెళ్తే తను మళ్ళీ నేల మీద కాలు పెట్టేది లేదని ఎలీసమ్మకు తెలుసు. ఇక్కడైతే నాలుగిళ్ళ అవతల చర్చి ఉంది. పాట ఎత్తుకోవడానికి ఆమె ఉండాల్సిందే. మిరపకాయల రోజుల్లో వీధిలో ఆడవాళ్ళతో కూర్చుని తొడిమలు తీస్తూ ఊరంతటి కబుర్లూ వింటుంది. అక్కడ ఏముంది, బాల్కనీ ఉంది.

సరే, ఈ దెబ్బతోనైనా ముసలాడు దిగొస్తాడని ఆమె లోలోపల సంతోషించింది. ఇల్లు వదలమంటే ఒప్పుకోడు కదా, గంట్లకే ఒప్పుకుంటాడు. జయరావు తల గోక్కుని, కొడుకు ముఖం చూడకుండా, అట్టాగే వస్తాంలేరా అన్నాడు.

సొంత చేతుల్తో కట్టుకున్న ఇల్లు వదిలిపెడతాడట గానీ రాతి మీద గీత పడనివ్వడట. నాకంటే ఆ రాయే ఎక్కువైందన్నమాట అనుకుంది ఎలీసమ్మ. వారమంతా ఆయనతో మాట్లాడలేదు. కంచం ఎదురుగా పెట్టేది, అంతే. ఆయన తిని, గిన్నెలూ దుప్పట్లూ మూటలు కట్టుకుంటూ కూర్చునేవాడు. వెళ్ళడానికి ఆయనకు తొందరగా ఉన్నట్టు కూడా అనిపించింది. అదింకా ఒళ్ళు మండించింది.

శనివారం తెల్లవారి ఆమెకు మెలకువ వచ్చింది. కిటికీలోంచి వెలుగు పడుతోంది. గదిలో ఆ గోడవార ఉన్న జయరావు మంచం ఖాళీగా ఉంది. నేల మీద ఏదో కదులుతోంది. ముందు కుక్క దూరిందనుకుంది. కళ్ళు నులుముకుని చూసింది. జయరావు. రెండు చేతులూ రెండు మోకాళ్ళూ ఆనించి, చంటిపిల్లాడిలా పాకుతూ బాత్‌రూమ్ వైపు వెళ్తున్నాడు. మధ్యలో ఆగి ఆమె మంచం వైపు చూశాడు. ఆమె చప్పున కళ్ళు మూసుకుంది.

మూసిన కళ్ళ వెనక ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. సైకిలు తగిలిందని ఆయన చెప్పిన తొడ మీది కమిలిన మచ్చ. మోకాళ్ళ దగ్గరే చిరుగుతున్న లుంగీలు. రాత్రి అన్నంలో మజ్జిగ వద్దనడం. పాదం ఇలా ఆనించు, మోకాలు ఇలా వంచు అని తనకు నేర్పిన పాఠమంతా ఆయన ఎవరూ చూడనప్పుడు సాధన చేసి, కుదరక, చివరికి పాకడానికి దిగిన నడకే. ఒంగోలు ఎందుకు ఒప్పుకున్నాడో ఇప్పుడు తెలిసింది. అక్కడి గచ్చు మీద నిలబడి నడవచ్చు. తను వేసిన రాతి మీద తనే నడవలేకపోతున్నానని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

జాలి వేసింది. జాలికంటే ముందు కోపమే వచ్చింది. నా చెయ్యి విరిగిన రోజున ఈ ముక్క చెబితే నీ సొమ్మేం పోయేదిరా మొగుడా అని మనసులోనే తిట్టుకుంది. తను గోడలు పట్టుకుని తిరుగుతుంటే ఈయన పరువు పట్టుకుని తిరిగాడు. అయినా ఆయన పాక్కుంటూ తిరిగి వచ్చి మంచమెక్కేదాకా ఆమె కళ్ళు తెరవలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇమ్మానుయేలు, మహిమ ట్రాలీ ఆటో తీసుకుని వచ్చారు. వాళ్ళ వెనకే పీరు కూడా వచ్చాడు, భుజాన ఉలులూ సుత్తులూ ఉన్న సంచితో. పీరు ఒకప్పుడు జయరావుతో ఫ్యాక్టరీలో పనిచేసినవాడే. ముందురోజే ఎలీసమ్మ ఫోన్ చేసి రమ్మంది. అతన్ని చూడగానే జయరావు ముఖం కందగడ్డలా అయింది. నా రాయి మీద ఇంకొకడి చెయ్యి పడిందా బాగుండదు అన్నాడు. పీరు ఇబ్బందిగా నవ్వి వాకిట్లోనే నిలబడిపోయాడు. ఇమ్మానుయేలు, అనుకున్నాను ఇలాగే అవుతుందని, పోనీ అమ్మా, మూటలు ఎక్కించేస్తాను అన్నాడు.

ఎలీసమ్మ మంచం మీద నుంచి కదల్లేదు.

"నేను యాడికీ రాను. ఈ ఇంట్లోనే ఉంటా" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఏవయ్యా, ఇల్లొదలడానికి ఒప్పుకున్నావు, గంటు పడటానికి ఒప్పుకోవా? ఇంకొకడి చెయ్యి పడొద్దంటే నీ చెయ్యే పడనీ. నేనిక్కడే ఉంటా, నువ్వూ ఇక్కడే ఉంటావు. నిలబడి నడుస్తావు."

ఆ చివరి మాట దగ్గర జయరావు తలెత్తి ఆమెను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. కొడుకూ కోడలూ అదేదో మామూలు మాటే అనుకున్నారు. జయరావు వాకిట్లోకి వెళ్ళి, పీరు సంచిలోంచి ఒక ఉలి, ఒక సుత్తి ఏరుకున్నాడు. ఉలి మొనను బొటనవేలితో చూసుకున్నాడు. లోపలికి వచ్చి, సుద్దముక్కతో నేల మీద దారి గీసి, కూర్చుని మొదటి దెబ్బ కొట్టాడు. నల్లటి మెరుపు మీద తెల్లగా చుక్క పడింది. దాని పక్కన ఇంకొకటి కొట్టాడు.

కాసేపు చూశాక ఇమ్మానుయేలు దగ్గరికి వచ్చాడు. తండ్రి కూర్చుంది ఆ గోడవార, తన మంచం పక్కన. సుద్దగీత ఆ మంచం దగ్గర మొదలై బాత్‌రూమ్ దాకా పోయింది. ఎలీసమ్మ మంచం ఇటు, కిటికీ దగ్గర ఉంది.

"పడింది అమ్మ కదా నాన్నా. అక్కణ్ణుంచి మొదలెట్టావేంటి?" అన్నాడు.

జయరావు చేతిలో సుత్తి ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. వాకిట్లోంచి పీరు కూడా తొంగిచూస్తున్నాడు.

"నేనే చెప్పాన్రా" అంది ఎలీసమ్మ విసుగ్గా. "పాలిష్ పట్టిన చెయ్యి, గంట్లు కొట్టడం ఏం తెలుసు ఈయనకి? ముందు తన వైపు పాడు చేసుకుని, చెయ్యి తిరిగాక నా వైపు రమ్మన్నా. నా దారి వంకరటింకరగా ఉంటే నేనొప్పుకోను."

మహిమ కంగారుగా మామగారి వైపు చూసింది. తన పనితనానికి వంక పెట్టినవాళ్ళతో జయరావు ఏళ్ళ తరబడి మాట్లాడని సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పైగా చూస్తున్నది పీరు, ఫ్యాక్టరీ మనిషి.

జయరావు ఉలిని మళ్ళీ రాతి మీద ఆనించాడు.

"అవున్రా" అన్నాడు తల ఎత్తకుండా. "చెయ్యి తిరగాలిగా."