మా తాతగారి చీటీ, నా మోకాళ్లు

సహోదరులారా, సహోదరీలారా, ముందుగా ఒక మనవి. దయచేసి నన్ను కోచ్ గారూ అని పిలవకండి! ఇదే హాల్లో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు, అయినా పోయిన ఆదివారం కూడా కుర్చీలు సర్దుతూ ఒక సహోదరుడు "కోచ్ గారూ, కాస్త జరుగుతారా" అన్నాడు. నేను కోచ్‌ను కాను, ఏనాడూ కాలేదు. ఆ పిలుపును మూడేళ్లు కిమ్మనకుండా స్వీకరించి, దాని మూలంగా ఒక ఆడపిల్లకు అన్యాయం చేసి, చివరకు దేవుని దయవల్ల దాని నుండి విడుదల పొందినవాణ్ణి. ఆ సంగతి చెప్పడానికే నిలబడ్డాను.

కెనడాలో మన ఈ కేంబ్రిడ్జ్ దగ్గర ఒక కాలేజీలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు నేను రిక్రూటింగ్, సపోర్ట్ స్టాఫ్‌ను. హైస్కూలు పిల్లలు పంపిన ఆట వీడియోలు చూసి, బాగున్నవి కత్తిరించి హెడ్ కోచ్‌కు చూపించడం, చేరదలచుకున్నవాళ్ల మార్కుల కాగితాలు సేకరించడం, ఎయిర్‌పోర్టుకు వెళ్లి తీసుకురావడం, ఇదంతా రిక్రూటింగ్. నీళ్ల సీసాలు నింపడం, చెమట జెర్సీలు ఉతకడం, సాక్సులు జతచేయడం, ఇది సపోర్ట్. ముప్పై సాక్సులు మెషిన్‌లో వేస్తే ఇరవై తొమ్మిదే బయటికొస్తాయి, ఆ ఒక్కటి ఎక్కడికి పోతుందో పరలోకంలో తండ్రికే తెలియాలి! జట్టులో ఎవరుండాలో తేల్చేది మాత్రం హెడ్ కోచ్ లిండా ఒక్కరే. అందులో నాకు ఆవగింజంత అధికారం కూడా లేదు.

మరి ఆ మాట ఎందుకు చెప్పలేదు? చెప్పలేని జబ్బు ఒకటి మా ఇంట్లో ఉంది. తెనాలి వైపు మా తాతగారికి రైస్ మిల్లు ఉండేది. ఆయన కట్టించిన చర్చిలో ముందు బెంచీ మాది, దాని వీపుచెక్క మీద మా ఇంటిపేరు చెక్కి ఉండేది. ఎవరికి పని కావాలన్నా, పిల్లాడికి హాస్టల్లో చోటు కావాలన్నా, తాతగారు చిన్న కాగితం మీద రెండు ముక్కలు రాసి సంతకం పెట్టేవారు, ఆ చీటీ పట్టుకెళితే పని జరిగిపోయేది. నాకు ఊహ వచ్చేనాటికి మిల్లు పరాయివాళ్లదైంది, చీటీలు అడిగేవాళ్లు లేరు, మా బెంచీని వెనక గోడకు జరిపి దాని మీద గొడుగులు పెడుతున్నారు. మిగిలిందల్లా నిటారుగా నిలిచే వీపు. మా నాన్నగారు ప్రార్థనలో తల వంచేవారే గాని మోకరించేవారు కాదు. నేనూ అంతే. మీరంతా ఈ చల్లటి నేల మీద మోకరించినప్పుడు, ఆడే రోజుల్లో మోకాలు దెబ్బతిందని చెప్పి నేను కుర్చీలోనే కూర్చునేవాణ్ణి. సహోదరులారా, నా మోకాలికి ఏ దెబ్బా తగల్లేదు!

ఆ తరువాత ఇండియా నుంచి ఇక్కడికి విద్యార్థుల వెల్లువ వచ్చింది. నాలుగు కుటుంబాల మా సహవాసం ఒక్క ఏడాదిలో నిండిపోయి, గోడ వెంబడి కూడా మనుషులు నిలబడవలసి వచ్చింది. ప్రార్థన ముగిస్తే చాలు, నా చుట్టూ గుంపు. కోచ్ గారూ, మా చెల్లికి సీటు. కోచ్ గారూ, మా ఫ్రెండుకు లెటరు. నా భార్య సుగుణ ఇంటికొచ్చాక "కోచ్ గారూ, సాక్సులు ఆరాయా? మడత పెట్టేదా?" అని ఎత్తిపొడిచేది. నాకు ఒళ్లు మండేది. విసుక్కునేవాణ్ణి, కసురుకునేవాణ్ణి, అంతేగాని నేను కోచ్‌ను కాదన్న ఒక్క మాట మాత్రం నోట రాలేదు!

ఒక ఆదివారం ప్రసాదరావు గారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన ఇక్కడే వేర్‌హౌస్‌లో పని చేస్తారు, ఈరోజు కూడా మూడో వరుసలో ఉన్నారు, ఆయన అనుమతితోనే ఇదంతా చెబుతున్నాను.

"కోచ్ గారూ, మా నాన్న మీ తాతగారి మిల్లులో బస్తాలు మోశాడండి. మీ తాతగారి చీటీ మీదే పని దొరికిందంట. ఇప్పుడు మా మేనకోడలు కెజియాకి మీరో ముక్క రాసివ్వాలి. పిల్ల స్టేట్‌కి ఆడింది. అటు పడమట రెజైనా ఊళ్లో ఓ కాలేజీ వాళ్లు టీమ్‌లోకి రమ్మంటున్నారు గానీ, అంత దూరం ఒక్కత్తినీ ఎలా పంపుతామండీ? మీరున్నారు కదా!"

ఈ దేశంలో మా ఇంటిపేరు తెలిసిన మనిషి నాకు తారసపడటం అదే మొదటిసారి. నా వీపు ఇంకో అంగుళం నిటారైంది. మర్నాడే కాలేజీ చిహ్నం ఉన్న కాగితం తీసి, కెజియా స్థానం మా జట్టులో ఖాయమని రాసి, తాతగారి మాదిరిగానే కింద గీత లాగి సంతకం పెట్టాను. లిండాను అడగలేదు. ఆ కాగితం నమ్మి ఆ పిల్ల రెజైనా వాళ్లకు రానని చెప్పేసింది.

సెప్టెంబరులో కెజియా వచ్చింది. సెలక్షన్లకు నలభై మందికి పైగా అమ్మాయిలు వచ్చారు, ఖాళీలు రెండు. అప్పుడు గాని నాకు భయం పట్టుకోలేదు. లాండ్రీ గదిలో మెషిన్ చప్పుడులో నిలబడి ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నా మాట పోనివ్వకు. ఆ పిల్లను జట్టులోకి తీసుకునేలా లిండా మనసు తిప్పు. మా ఇంటి పేరు నిలబెట్టు." చూడండి, ఆ ప్రార్థనలో కూడా పిల్ల లేదు, మా ఇంటి పేరే ఉంది! దేవుడు జవాబివ్వలేదు. ఎంత విసుగొచ్చిందో! ఇంత చిన్న పని ఆయన చేతిలో లేదా అని అలిగాను.

లిండా తన జాబితా నా చేతికే ఇచ్చింది, టైపు చేసి తలుపుకు అంటించమని. కెజియా పేరు లేదు. నా చేత్తోనే టైపు చేసి, నా చేత్తోనే అంటించాను. కెజియా వచ్చి పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చదివి, నా వైపు చూసి వెళ్లిపోయింది.

ఇక ప్రసాదరావు గారు నిలదీస్తారని ఎదురుచూశాను. నిలదీయలేదు సరికదా, ఆదివారం లేచి "కోచ్ గారి ద్వారా దేవుడు మా పిల్లకు చేసిన మేలుకై స్తోత్రం" అన్నారు! నాకు అర్థం కాలేదు. మూడు వారాల తరువాత ఒక సాయంత్రం, ప్రాక్టీసు జరిగే వేళలో, వీడియో పనిమీద కాలేజీ లైబ్రరీకి వెళితే అక్కడ కెజియా, పక్కనే ఆట సంచి.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"ప్రాక్టీస్ అయ్యే టైమ్ దాకా కూర్చుంటానండి. ఏడింటికి మావయ్య పికప్ చేసుకుంటారు. వెళ్లే ముందు వాష్‌రూమ్‌లో జుట్టు కాస్త తడుపుకుంటా, చెమట పట్టినట్టు ఉంటుందని."

"ఎందుకిదంతా? మావయ్యకు చెప్పెయ్యొచ్చు కదా!"

"చెబితే మీ పేరు పోద్ది కదా అంకుల్. మీ తాతగారి గురించి మా తాతయ్య ఎంత గొప్పగా చెప్పేవారో!"

సహోదరులారా, నన్ను చెంపమీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. మా పరువు బస్తాను ఆ పిల్ల తాతగారు మోశారు, ఇప్పుడు ఈ పిల్ల కూడా మోస్తోంది, నేను నిటారుగా నిలబడి చూస్తున్నాను!

ఆ ఆదివారం ప్రసాదరావు గారు ఇంకో ప్రకటన చేశారు. శనివారం మన కెజియా మొదటి మ్యాచ్ అట, అందరం వెళ్లాలట, పులిహోర ఆంటీలు చూసుకుంటారట. చప్పట్లు! చేతులు ఎత్తినవాళ్లు ముప్పైమంది. ఎదుటి వరుసలో కెజియా తల వంచుకుంది. నేను కుర్చీలో బిగుసుకుపోయి లోపల్లోపల అన్నాను: "ప్రభువా, నా పేరు పోతే పోనీ. ఈ బిడ్డ నా కోసం అబద్ధమాడటం ఇక చాలు. నన్ను లేపు, నా నోరు తెరువు." ఈసారి జవాబుకు క్షణం కూడా పట్టలేదు. లేచాను. నేను కోచ్‌ను కాదని, జెర్సీలు ఉతుకుతానని, ఆ చీటీ అబద్ధమని, పిల్ల జట్టులో లేదని, తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. ప్రసాదరావు గారు మేనకోడలి చేయి పట్టుకుని నా ముఖం చూడకుండా వెళ్లిపోయారు.

సోమవారం లిండాకు చెప్పాను. ఆమె కేకలు వేయలేదు, కాలేజీ కాగితాలూ రిక్రూటింగ్ ఫోనూ నా బల్ల మీదనుంచి తీసేసుకుని, ఈ సీజనంతా లాండ్రీ, వీడియో మాత్రమే అంది. రెజైనా కోచ్‌కు ఫోన్ చేసి నా తప్పు ఒప్పుకున్నాను. అక్కడి చోటు వేరే అమ్మాయికి ఇచ్చేశారు, వచ్చే ఏడాదికి కావాలంటే కొత్త వీడియో పంపమన్నారు. అప్పటినుంచి శనివారాల్లో కెజియా కమ్యూనిటీ సెంటర్లో ఆడుతుంటే నేను కెమెరా పట్టుకుని నిలబడ్డాను.

కానీ ఆ మొదటి మ్యాచ్ సంగతి చెప్పాలి. ఎవరూ రారనుకున్నాను. మన ముప్పైమందీ వచ్చారు, పులిహోర డబ్బాలతో సహా! వండేశాం కదా, పారేస్తామా అన్నారట ఆంటీలు. ప్రసాదరావు గారూ, కెజియా కూడా వచ్చారు. రెండో క్వార్టర్లో ఒక అమ్మాయి జారిపడింది, నేల మీద చెమట. అది తుడవవలసింది నేనే. తువ్వాలు పట్టుకుని కోర్టు మధ్యకు పరుగెత్తి, మా సంఘమంతా చూస్తుండగా, రెండు మోకాళ్లూ నేలకు ఆనించాను.

పైనుంచి ప్రసాదరావు గారి గొంతు: "బాబుగారూ, ఆ మూల ఇంకా తడిగానే ఉందండీ!"

మనవాళ్లంతా ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మూల కూడా తుడిచాను. లేవబోతూ ఒక్క క్షణం ఆగి, మోకాళ్ల మీదే, "ప్రభువా, స్తోత్రం" అన్నాను. ఈ మోకాళ్లతో దేవునికి నేను చెప్పిన మొదటి స్తోత్రం అదే.

కెజియా ఇప్పుడు రెజైనాలో ఆడుతోంది. ఆమె పోగొట్టుకున్న ఏడాదిని నేను తిరిగి ఇవ్వలేను, ఆ బరువు నాతోనే ఉంటుంది. మోయగలిగే వీపును మాత్రం దేవుడు ఇచ్చాడు, వంగే వీపు. దేవునికే మహిమ! మీలో ఎవరైనా తమది కాని పేరును, పెద్దల పరువును మోస్తూ కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంటే, ఈరోజే దిగి రండి. నేల చల్లగా ఉంటుంది, నిజమే. మొదట నేనే మోకరిస్తున్నాను, నా పక్కన చోటుంది.