తిరుచానూరు మీదుగా పాలవ్యాను

ఆ రోజుల్లో, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ముప్పై ఏళ్ళు కావస్తున్నా, మా ఊరి మీద వానదేవుడి పెత్తనం మాత్రం పోలేదు. వాన పడితే శెనక్కాయలు, పడకుంటే వలస. అట్లాంటి ఊరికి పాలవ్యాను వస్తాదనేసరికి, తిరుపతిలో బియ్యే ఎకనామిక్స్ ముగించుకోనొచ్చిన నేను పాల సొసైటీ సెక్రటరీనైపోయినాను. (జీతం లేదు గానీ కుర్చీ ఉండాది.) పంచవర్ష ప్రణాళికల మీద నేను దంచిన ఉపన్యాసానికి ఊర్లో ఆవులూ ఎనుములూ కూడా నెమరేయడం ఆపినాయి. డెయిరీ ఆఫీసరు మాత్రం ఒకే మాట చెప్పినాడు: "మొదటిరోజు రెండు క్యాన్లు నిండాల. నిండకుంటే వ్యాను పక్కూరికి పోతాది." మంచిరోజు గదా అని నేను శుక్రవారం పెట్టినాను. శుక్రవారం మా ఊర్లో పాలు గడప దాటనియ్యరని మర్చిపోయినాను, అదీ నా డిగ్రీ మహిమ!

తెల్లారింది, వ్యాను వచ్చింది, క్యాన్లు ఖాళీ. ఆఫీసరు గడియారం చూసుకుంటా ఉండాడు. మా అవ్వ కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాను. "శుక్రవారం పూట లక్ష్మిని బయటికి తోలమంటావంట్రా, సన్నాసీ?" అని అవ్వ పాలచెంబు కొంగు కింద దాచేసింది. వీధిలో ఆడోళ్ళంతా అవ్వ మొహమే చూస్తా ఉండారు. వ్యాను పోతే ఊరి బతుకు మళ్ళీ వానకే అప్పగింత. నాకు చెమటలు పట్టి, నోటికొచ్చింది అనేసినాను: "బయటికి కాదవ్వా! వ్యాను పొయ్యేది తిరుచానూరు మీదనే. అమ్మోరు పుట్టిన ఊరు! లక్ష్మిని పుట్టింటికి పంపడం గూడా తప్పేనా?"

"పుట్టింటికా? ఆ మాట ముందే ఏడవచ్చు గదరా!" అని అవ్వ లోపలికి పొయ్యి పసుపూ కుంకుమా తెచ్చింది. ఇంక చూడండి, ఇంటికొక చెంబు కదిలొచ్చింది. క్యాన్లకు బొట్లు పెట్టినారు, రవికగుడ్డలు చుట్టినారు, మూతల మీద ఒడిబియ్యం పోసినారు. "ఏమప్పా, ఇవి పాలా, పెండ్లికూతుర్లా?" అని ఆఫీసరు తల పట్టుకున్నాడు. రెండూ నిండి, మూడో క్యాను అడగాల్సొచ్చింది.

మరుసటి శుక్రవారం డ్రైవరు అడ్డదోవలో పోబోతే ఆడోళ్ళు వ్యానుకు అడ్డం నిలబడినారు. "అమ్మోరి ఊరి మీద పోతావా, పాలు దించమంటావా?" ఆ పాలతోనే మా ఊర్లో మిద్దెలు లేచినాయి, ఆడపిల్లోళ్ళు కాలేజీ మెట్లెక్కినారు. ఈ మాట యాడైనా తలెత్తుకోని చెప్తాను.

మొన్నొక శుక్రవారం ఊరికి పోతే పెద్ద ట్యాంకరు కనపడింది. "అడ్డదోవ ఉండాది గదప్పా, చుట్టు ఎందుకు?" అని డ్రైవర్ని అడిగినాను. "శుక్రవారం తిరుచానూరు మీదనే పోవాలంట సార్. ఎవురో పెద్దాయన ఆలోచించి పెట్టిన కట్టుబాటంట" అన్నాడు. ఆ పెద్దాయనకు అప్పుడు మీసం గూడా సరిగ్గా రాలేదనీ, భయానికి నోటికొచ్చింది కూసినాడనీ చెప్దామనుకున్నాను. కానీ నెరిసిన మీసం ఒకసారి దువ్వుకోని, ట్యాంకరు ఆ మలుపు తిరిగేదాకా చూస్తా నిలబడినాను.