కారనివ్వాల్సిన చిల్లు

జావా దీవిలో, మెరాపి కొండ వాలులో మా ఊళ్ళో ఆవు లేని ఇల్లు కనిపించదు. పొద్దునా సాయంత్రం ఆడవాళ్ళు క్యాన్లు మోసుకొచ్చి పాల కేంద్రం ముందు బారు తీరుతారు. ఆ పాలు దిగువన సహకార సంఘం ఫ్యాక్టరీకి పోతాయి. అక్కడ వేడి చేసి, చల్లార్చి, ప్యాకెట్లలో నింపుతారు. నింపే మెషీను ముందున్న వాల్వు విర్యాది బాబాయ్‌ది. సంఘానిదే అనుకోండి, కానీ ఊళ్ళో అందరం బాబాయ్ వాల్వు అనే అంటాం.

పంపులోంచి పాలు దూకుడుగా వస్తాయి. ఆ ఊపు మీదే మెషీనుకు చేరితే ప్యాకెట్లు పగులుతాయి. ఆ ఒత్తిడి తగ్గించి, ఒకే తీరున పంపించడం వాల్వు పని. అద్దంలా నున్నటి స్టీలు డొల్ల, మధ్యలో పళ్ళెంలాంటి రబ్బరు పొర, పొర కింద పాలు, పైన స్ప్రింగు, నెత్తిన తిప్పే మర.

"ముందు మర పూర్తిగా వదులు చెయ్యాలి. తర్వాతే పాలు వదలాలి. గేజీ చూసుకుంటూ కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. తొందరపడ్డావో, నీ మొహం మీదే ఉమ్ముతుంది," అని బాబాయ్ నాకు ఎన్నిసార్లు చెప్పాడో! ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వినేవాణ్ణి. చెప్పేటప్పుడు ఆయన మొహం అంత బావుంటుంది మరి.

పని అయ్యాక వాల్వు విప్పి, ముక్కముక్కా సోడా నీళ్ళతో కడిగి, రబ్బరు పొరను కిటికీ వెలుగుకు పట్టి వంచి చూసేవాడు, ఎక్కడైనా పగులుందేమోనని. స్ప్రింగు గదికి పక్కన సన్నటి చిల్లు ఒకటుంటుంది. పొర చిరిగితే పాలు స్ప్రింగు గదిలోకి ఎక్కి ఆ చిల్లులోంచి కారతాయి. లోపల పాడైందని బయటివాళ్ళకి తెలియడానికే ఆ చిల్లు.

ఉపవాసాల నెలకు ముందు కొత్త ప్యాకింగ్ గది ప్రారంభానికి జిల్లా పెద్దలు వచ్చారు. సరిగ్గా ఆ ఉదయమే చిల్లు కారడం మొదలైంది. స్టోరులో కొత్త పొర లేదు. మేనేజరు అటుగా వెళ్తూ, "ఏంటి విర్యాది గారూ, చుట్టాలొచ్చే వేళకి మీ వాల్వుకి ముక్కు కారుతోందే!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మావైపు నవ్వుతూ అన్నదే ఎక్కువ గుచ్చుకుంటుంది. బాబాయ్ ఒక వెదురు పుల్ల చెక్కి, దానికి తెల్ల టేపు చుట్టి, చిల్లులో బిగించేశాడు.

పెద్దలు వచ్చారు, మెచ్చుకున్నారు, ఫొటోలు దిగారు. నేల మీద చుక్క లేదు. వాళ్ళు వెళ్ళగానే పుల్ల తీసేద్దామనుకున్నవాడు తీయలేదు. రోజూ వాల్వు విప్పే మనిషి విప్పడమే మానేశాడు. విప్పితే చిరిగిన పొర చూడాలి, చూస్తే పైకి చెప్పాలి, చెబితే ఆ పుల్ల సంగతీ బయటపడుతుంది. గొట్టాల్లోంచి సోడా నీళ్ళు పారించి సరిపెట్టాడు. ఆ నీళ్ళు స్ప్రింగు గది దాకా పోవు.

కొన్నాళ్ళకి ప్యాకెట్లు గడువుకు ముందే పులవడం మొదలైంది. దుకాణాల వాళ్ళు తిప్పి పంపారు. మేనేజరు చూపు మా ఊరి పైపేట మీద పడింది. ఫ్యాక్టరీకి దూరం కదా, వాళ్ళ పాలు దారిలోనే చెడుతున్నాయన్నాడు. "క్యాన్లు కడుగుతున్నారా, కడిగినట్టు నటిస్తున్నారా?" అని పాల కేంద్రం దగ్గర అందరి ముందూ అడిగించాడు. పైపేట పాలు తీసుకోవడం ఆపేశారు. ఆడవాళ్ళు నిండు క్యాన్లు మోసుకుని వెనక్కి కొండెక్కారు.

పైపేటలో కాసినెమ్ అవ్వకి రెండావులుండేవి. అందులో ముసలిదానికి ఒకప్పుడు పొదుగు వాచింది. ఈ చెడంతా దానిదేనని అవ్వ తనకు తానే తేల్చేసుకుని, దాన్ని అమ్మేసింది.

ఆ మాట చెవిన పడ్డ రోజే బాబాయ్ వాల్వు విప్పాడు. పుల్ల లాగితే పెరుగు కాదు, కుళ్ళు వచ్చింది. స్టోరుకి అప్పటికే కొత్త పొర వచ్చి ఉంది. అన్నీ ఉడకబెట్టి, పొర మార్చి బిగించాడు. ప్యాకెట్లు పులవడం ఆగిపోయింది. పైపేట పాలు మళ్ళీ తీసుకోసాగారు.

మేనేజరు బాబాయ్ భుజం తట్టి, "చూశారా, గట్టిగా అడిగితే గానీ పైపేట వాళ్ళు దారికి రాలేదు," అన్నాడు.

బాబాయ్ "ఊఁ" అన్నాడు.

"తిట్టినా బావుండేది. ఆ ఊఁ అన్నాక నాకు తిండి దిగలేదురా," అన్నాడు నాతో. ఉపవాసాలు ముగిశాక వచ్చే లెబరాన్ పండగ పొద్దున, పైపేటకి కొండెక్కుతూ ఇదంతా చెప్పాడు. ఆ రోజు మా దగ్గర చిన్నవాళ్ళు పెద్దల ముందు మోకరిల్లి, తెలిసీ తెలియకా చేసిన తప్పులు క్షమించమంటారు. అందరూ అందరికీ చెప్పే మాటే. ఫలానా తప్పని ఎవరూ పేరు పెట్టి చెప్పరు, ఎవరూ అడగరు. "ఆ మాట చాటున దాటేద్దామనుకుంటున్నా," అన్నాడు తల దించుకుని.

కాసినెమ్ అవ్వ చాప మీద కూచుని ఉంది. బాబాయ్ ఆవిడ మోకాళ్ళ మీద తల ఆనించాడు. ఆయన నోరు తెరిచేలోపే అవ్వ ఆయన వీపు నిమిరింది.

"నువ్వే నన్ను క్షమించాలి నాయనా. నా ముసలిదాని పాలు నీ మెషీన్లో పడి నీ పేరు పోయింది."

బాబాయ్ తల ఎత్తలేదు. "ఆవుది తప్పు కాదవ్వా."

"మరి క్యానుదా? బూడిదేసి తోమానే!"

"క్యానుదీ కాదు. నాది."

పుల్ల సంగతి మొత్తం చెప్పాడు. అవ్వకి వాల్వు గొడవ సగమే అర్థమైంది. కావలసిన సగం మాత్రం బాగానే అర్థమైంది.

"కారేదాన్ని ఎందుకు మూశావు?"

"సిగ్గేసిందవ్వా. పెద్దోళ్ళ ముందు."

"ఆ పెద్దోళ్ళు మళ్ళీ వచ్చారా?"

"లేదు."

"నేను రోజూ వస్తున్నానే!"

వాకిట్లో అవ్వ కోడలు పర్యంతి పళ్ళేలు పట్టుకుని నిలబడిపోయింది. కాసేపటికి కొబ్బరిపాల కూర తెచ్చి బాబాయ్ ముందు పెట్టింది. "తిను బాబాయ్. భయపడకు, ఇది కోడే. మా ఆవుని వేరేవాళ్ళు తింటున్నారు."

బాబాయ్ చెయ్యి పళ్ళెంలోకి పోలేదు.

"ఇవాళ కాదనకూడదు. క్షమించాననే అంటాను," అంది అవ్వ. "కానీ నన్ను అడిగింది పాల కేంద్రం దగ్గర, పదిమందిలో. నువ్వు నా ఒళ్ళో చెప్పి పోతానంటే ఎట్లా విర్యా?"

పండగని ఆవులకేం తెలుసు? ఆ సాయంత్రం కూడా క్యాన్లు వచ్చాయి. బాబాయ్ పండగ చొక్కాతోనే పాల కేంద్రం మెట్టు పక్కన నిలబడి, "పైపేట పాలు చెడ్డవి కావు. చెడగొట్టింది నేను," అని మొదలుపెట్టి ఉన్నదంతా చెప్పాడు. మేనేజరుకి తెల్లారి తనే వెళ్ళి చెబుతానన్నాడు.

వెనకనుంచి ఒకావిడ, "నీ వాల్వుకి కొత్త పొర వేశావు సరే బాబాయ్, మా మొహాలకేం వేస్తావు?" అంది. కొందరు నవ్వారు. బాబాయ్ కూడా నవ్వబోయి, ఆపుకున్నాడు. పొద్దున్నుంచీ ఊరంతా పంచుకుంటున్న 'క్షమించాం' అనే ఆ మాట కోసం ఆయన చూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. బారులో ఒక్కరి నోటా అది రాలేదు.

కాసినెమ్ అవ్వ మిగిలిన ఒక్క ఆవు పాలతో చిన్న క్యాన్ తెచ్చింది. బాబాయ్ గబగబా ఎదురెళ్ళి చెయ్యి చాపాడు. అవ్వ క్యాన్ రెండో చేతిలోకి మార్చుకుంది.

"వద్దు నాయనా, మొయ్యగలను."

పాలు కొలిచే అమ్మాయి అవ్వ పాలు పరీక్షించి, "మంచి పాలు!" అంది, అవసరమైన దానికంటే గట్టిగా. బారులో ఆడవాళ్ళెవరూ ఆ అమ్మాయి వైపు చూడలేదు. అందరూ బాబాయ్ వైపే చూశారు.