మనుషుల్లేని ఫోటోలు

ఖరగ్‌పూర్‌లో కళాకారులు పనిచేసే చోట్లను ఇరవై ఏళ్లకు పైగా ఫోటోలు తీశాను. రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ దిగడం, కెమెరా మెళ్లో వేసుకోవడం, సైకిలెక్కడం. సుభాష్‌పల్లిలో దుర్గమ్మ బొమ్మలు చేసే షెడ్డు, న్యూ సెటిల్‌మెంట్‌లో మావాళ్లు తెలుగు నాటకాలు రిహార్సల్ వేసుకునే గది, ఆ పక్క సందులో మా నాటకాలకు తెరలు గీసే పెద్దాయన వసారా. నాకొక పిచ్చి నియమం ఉండేది. ఫోటోలో మనిషి ఉండకూడదు. కెమెరా చూడగానే మనిషి వేషం కడతాడు, గది కట్టదు అనేవాణ్ణి. అందుకని ముందు అందర్నీ బయటికి తోలేసేవాణ్ణి.

బొమ్మలు చేసే బెంగాలీ దాదా మట్టి చేతులతో గుమ్మం బయట నిలబడి విసుక్కునేవాడు. తెరలాయన మాత్రం నవ్వేవాడు.

"నా ఇంట్లోంచి నన్నే గెంటేస్తన్నావేటి బావూ?" అంటూ బీడీ ముట్టించుకుని సందులోకి నడిచేవాడు.

ప్రేమ్ బజార్‌లో అద్దెకుండే తెలుగు ఐఐటీ స్టూడెంట్లు ఆ ఫోటోలు చూసి ఆహా ఓహో అన్నారు. ఖాళీలోనే మనిషి కనిపిస్తున్నాడని ఒకమ్మాయి అంటే, సిగ్గులేకుండా పొంగిపోయాను.

నిరుడు వానాకాలంలో తెరలాయన పోయాడు. పెద్దకర్మ ఇంకో మూడు రోజులుందనగా ఆయన భార్య నాకు కబురుపెట్టింది. దండ వేయడానికి ఫోటో కావాలి. పెళ్లినాటిది ఎప్పుడో వాన నీళ్లకు పాడైందట. ఆధార్ కార్డులోది ఆయనలా లేదట.

"ఇన్నేళ్లొచ్చి తీసినావు గదా మరిదీ. ఒక్కటియ్యి, సాలు."

లాప్‌టాప్ పట్టుకెళ్లి, ఆ వసారాలోనే కూర్చుని అన్నీ చూపించాను. రంగు డబ్బాలు, ముక్కాలిపీట, సగం గీసిన రాజమహలు తెర, ఆరబెట్టిన కుంచెలు. ఆమె ప్రతి ఫోటోలోకీ వంగి చూసింది.

"ఆయనేడీ?" అంది. తర్వాతి ఫోటోకీ అదే అడిగింది.

ఒకే ఒక్కసారి ఆయన బయటికి వెళ్లలేదు. కొత్తగా గీసిన అడవి తెర ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, "ఈ ఒక్కపాలికీ నన్నుండనీ" అన్నాడు. మొహమాటానికి నొక్కాను. ఇంటికెళ్లి, పనికిరాని వాటితో పాటు దాన్నీ చెరిపేశాను. ఎంతో బాగా వచ్చింది కూడా. ఆ సంగతి ఆమెకు చెప్పేశాను. ఏం చెయ్యాలో తోచక, ఖాళీ వసారా ఫోటోకి ఫ్రేము కట్టించి తెస్తానన్నాను. అంత బుద్ధిలేని మాట నా నోట ఎలా వచ్చిందో!

"ఈ వసారా నాను రోజూ ఊడ్సిందే గదా. దీనికి దండేస్తామేటి?" అంది.

చివరికి ఆధార్ ఫోటోనే పెద్దది చేయించి పట్టుకెళ్లాను. బొట్టు పెట్టి, దండ వేసి, కుర్చీలో నిలబెట్టారు. ముప్పై ఏళ్లు ఆయన తెరల ముందు వేషాలు వేసిన మా ముసలి నటుడొకాయన దణ్ణం పెట్టబోయి ఆగాడు.

"ఇదెవులి ఫోటో బావూ?" అని నన్నే అడిగాడు.

ఆమె పక్కనే ఉంది. విన్నది.