డగ్లస్ వాగు అసలు పేరు

ఐర్లాండులో నర్సుగా పనిచేసే నా బిడ్డ స్వరూప దగ్గర కొన్నాళ్ళు ఉన్నాను. వాళ్ళ ఇంటి పక్కనే ఒక సన్నటి వాగు. బోర్డు మీద "డగ్లస్" అని ఉందని స్వరూప చదివి చెబితే ఎవరో దొర పేరనుకున్నాను.

ఒక పొద్దున నాలుగేళ్ళ మనవరాలు నీళ్ళ దాకా ఉరికింది. "ఆగే, జారి పడ్తవ్!" అని అరిచాను.

"అమ్మా, దానితోని గట్ల మాట్లాడకే. ఇంగ్లీషే అలవాటు గావాలె, బడిల నవ్వుతరు," అని స్వరూప కసిరింది.

కుక్కను తిప్పుతున్న పొరుగింటి ముసలాయన మాది ఏ భాష అని అడిగాడు. తరువాత బోర్డు చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. స్వరూప నాకు తెలుగులో చెప్పింది. అది దొర పేరు కాదట. వాళ్ళ ఐరిష్ భాషలో "దువ్" అంటే నలుపు, "గ్లాష" అంటే వాగు. ఆ నల్లవాగు పేరునే ఇంగ్లీషువాళ్ళు తమకు నోరు తిరిగినట్టు డగ్లస్ అని రాసుకున్నారట. ఆ భాష మాట్లాడినందుకు ఆయన ముత్తవ్వను బడిలో కొట్టారట. దాంతో ఇంట్లో ఆ మాటే ఆగిపోయింది. డెబ్బై ఏళ్ళ ఆయన ఇప్పుడు బడికి పోయి నేర్చుకుంటున్నాడట.

"తెల్లోల్లను తెల్లోల్లే కొట్టిండ్రా?" అన్నాను.

"అవ్, అమ్మా."

"మరి నీ బిడ్డ గూడ ముసల్దయినంక నా మాట కోసం బడికి పోవాల్నా? మీ నాయన సచ్చిపోతే బీడీలు చేసి నిన్ను సదివించిన. గీ మాటతోనే కార్ఖానోల్లతోని కొట్లాడిన. నవ్వెటోల్లను నవ్వనీ. నేనైతే నోరు మూస్కోను."

నేను పిల్ల చేయి పట్టుకొని వాగు దగ్గరికి పోయాను. మా సిరిసిల్ల వైపు వాగులో కాలు పెట్టేముందు చేసినట్టు, దోసిట్లో నీళ్ళు తీసి దాని నెత్తిన చల్లాను.

"అమ్మమ్మా, సల్లగున్నయ్!" అని పిల్ల అందరికీ వినబడేలా అరిచింది.