మోరి దారిన నడిచిన బోనం

మా మేనత్త బుచ్చమ్మ ఇక లేదన్న వార్త మేడ్చల్ చౌరస్తాలో చాయ్ తాగుతుండగా ఫోనులో విన్నాను. పక్కనున్న మిత్రులకు చెబితే ఒక్కరూ నమ్మలేదు. "అరే పో అన్నా, పొద్దుగాల పొద్దుగాల గిదేం ముచ్చట?" అని నవ్వారు. నా నోట వచ్చిన మాట గనుక అబద్ధమే అయి ఉంటుందని వారి నిశ్చయం. జీవితంలో ఆ ఒక్కసారైనా వారి నమ్మకం నిజమై, నేను అబద్ధాలకోరునని తేలితే బాగుండునని మొక్కుకున్నాను. మొక్కు ఫలించలేదు.

శామీర్‌పేట అవతల మా పల్లె చెరువు కింది ఆయకట్టుకు ఆమె మకుటం లేని మహారాణి. విగ్రహం చిన్నది, కంఠం పెద్దది. కట్ట మీద నిలబడి ఆమె కేకేస్తే జీడిమెట్లలో సైరన్ మోగిందనుకొని కార్మికులు షిఫ్టు దిగిపోయేవారని నేను పదిమందిలో చెబితే, కొంగు నోటికడ్డం పెట్టుకొని, "తక్కువ జెప్పినవ్‌రా, గుండ్లపోచంపల్లిల గోదాములు గుడ మూసిండ్రు" అని సవరించేది. అతిశయోక్తికి అలంకారశాస్త్రంలో ఉన్న గౌరవాన్ని మా వంశంలో ఆమె ఒక్కతే నిలబెట్టింది.

కొత్త కాలనీలో దిగిన కోస్తా ఉద్యోగి ఒకాయన మా కాలువను చూసి, "మా వైపు కాలువలు దీనికి పదింతలుంటాయండీ" అన్నాడు. "మంచిది సారూ, ఈసారి వచ్చేటప్పుడు ఒకటి తోలుకరాండ్రి, ఈడ కట్టేసుకుంటం" అన్నది అత్త. ఆయన ఆమెకు జీవితాంతపు మిత్రుడైపోయాడు.

ఆ శిథిలమైన కాలువను బాగుచేయడానికి నీటిపారుదల శాఖ పనులు మంజూరు చేసింది. తూముకు కొత్త షట్టరు, కాలువకు సిమెంటు లైనింగు అంటే అందరికీ పరమానందమే. చిక్కంతా మురుగుకాలువతో వచ్చింది. పొలాల్లో మిగిలిన నీటిని వాగులో కలిపే ఆ మోరిని మా పెద్దలు తలా కొంచెం దున్ని తమ మడుల్లో కలిపేసుకున్నారు. ఫలితంగా అన్నిటికన్నా దిగువనున్న అత్త మరిది మల్లయ్య పొలం ఊటపట్టి, నాటిన వరి ఏటా కుళ్ళిపోయేది. విసిగిన మల్లయ్య దాన్ని ఇళ్ళస్థలాలు చేసి అమ్ముకునే ప్లాట్లవాళ్ళకు అమ్మేయడానికి సిద్ధపడ్డాడు. "వానలలోపు పాత మోరి దారి మీరంతా ఒప్పుకొని చూపండి. లేకపోతే ఈ పని వేరే చెరువుకు పోతుంది" అన్నాడు ఇంజనీరు. చూపేదెవరు? "మా పొలంలకెళ్ళి పోనే పోలే, పక్కోని దాంట్లకెళ్ళి పోయింది" అని ప్రతివాడూ ప్రమాణం చేశాడు. ఆ ప్రమాణాలన్నీ సత్యమైతే ఆ కాలువ ఆకాశగంగ అయి ఉండాలి.

అత్త వాదించలేదు. "ఈసారి కట్టమైసమ్మ బోనం నేనెత్తుకుంట. తాతలనాటి మోరి దారి వట్టుకొనే నడుస్త. బోనం వోయిన పొలం మస్తు పండుతది" అని ఊరందరి ముందూ ప్రకటించింది.

స్మృతిభ్రంశం పొందిన ఊరికి తెల్లారేసరికి జ్ఞాపకశక్తి తిరిగొచ్చింది. డప్పుల వెనక ఆమె అమ్మవారి నైవేద్యపు కుండ నెత్తినెత్తుకొని కదలగానే, "అక్కా, ఇటు! మోరి మా గట్టెంబడే ఉండె!" అని ఒకడు, "నీ మొకం! మా బాపు ఈడనే చేపలు వట్టిండు!" అని ఇంకొకడు. కాలువే లేదన్నవాళ్ళు అది తమ మడిలోనే వంకర తిరిగిందని కొట్లాటకు దిగారు. "లొల్లి జెయ్యకుండ్రి. ఎవల పొలంలున్నదో వాళ్ళు ముందట నడువుండ్రి" అంటూ అత్త సాగింది. ఆమె వెనక ముగ్గు గిన్నెతో నేను. "సక్కగ సల్లురా, రేపు సార్లకు కనవడాలె" అని పళ్ళబిగువున ఆజ్ఞ. సాయంత్రానికి కట్ట కింది నుంచి మల్లయ్య పొలం మీదుగా వాగుదాకా తెల్లని గీత వెలిసింది. తర్వాత జేసీబీ దిగినప్పుడు కొందరు తలలు గోక్కున్నారు గాని, అమ్మవారు నడిచిన దారిని చెరిపే ధైర్యం ఎవరికుంది?

"దేవత పేరు మీద అబద్ధమాడితివి గదా అత్తా, నన్ను మించినవ్" అన్నాను. "ఏందిరా అబద్ధం? మురుగు వోయినంక పొలం పండకుంట ఎట్లుంటది? నువ్వు చెప్పి నవ్విస్తవ్. నేను చెప్పి తవ్విస్త" అన్నది. ఆ ఏడు మల్లయ్య పొలంలో వరి నిలబడింది. ప్లాట్లవాళ్ళు వచ్చి, చాయ్ తాగి వెళ్ళిపోయారు.

మొన్న ముసురువానలో అత్తను సాగనంపాం. తన పొలం ఒడ్డునే పూడ్చాలని మల్లయ్య పట్టుబట్టాడు. "వానకాలంల ఆడనా? నీళ్ళూరుతయ్‌రా" అని పెద్దలు సందేహించారు. నడుంలోతు తవ్వినా ఊట లేదు. అడుగుమన్ను పిడికిట పట్టుకొని, వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా రాలుస్తూ, "సూడుండ్రి... మా వదినె" అన్నాడు మల్లయ్య.

తూములకు కొత్త షట్టర్లు ఇంకా ఎన్నో రావచ్చు. కొట్లాడుకునే ఊరిని కొట్లాడుతూనే ఒక్క దారిన నడిపించిన ఆ మనిషిని మాత్రం ఏ ప్రభుత్వమూ మళ్ళీ మంజూరు చేయలేదు. అత్తా, నీకు చేతులెత్తి శనార్తి.