అగ్గిపుల్లంత సందు

సర్దార్ చేతుల మీదుగా పోయిన సైకిల్ చేతులు వదిలినా సీదా పోతదని మా గని గేటు దగ్గర అందరికీ ఎరికే. అది ఆయన పెట్టుకున్న పరీక్ష. కొత్తది చేసినా, విరిగినదాన్ని అతికించినా, గేటు నుంచి నీళ్ల ట్యాంకు దాకా తనే ఎక్కి, రెండు చేతులు తొడల మీద పెట్టుకొని తొక్కేటోడు. పక్కకు గుంజితే మళ్ల విప్పుడే.

"నా పెండ్లి లగ్నం దాటిపోతుంది భాయ్, సైకిల్ ఇయ్యి" అని ఒకసారి ఒక కుర్ర కార్మికుడు మొత్తుకున్నడు.

"వంకర సైకిల్ మీద పోతే కాపురం గూడ వంకరనే అయితది. ఆగు" అన్నడు సర్దార్.

ఆయన తండ్రి నిర్మల్ నుంచి గోదావరిఖనికి సుత్తి పని మీద వచ్చిండు. సర్దార్ పందొమ్మిదో ఏట గేటుకు ఎదురుగ రేకుల దుకాణం వేసుకున్నడు. అప్పుడు ఒక్కో షిఫ్టుకు నాలుగైదు వందల సైకిళ్లు స్టాండుల నిలబడేవి. తర్వాత మోటారు సైకిళ్లు వచ్చినయి. స్టాండు ఖాళీ అయింది. ఆయన మాత్రం అతుకులేసే గ్యాసు మంట ఆర్పలేదు. తోపుడు బండ్లు, నడవలేనోళ్లకు మూడు చక్రాల బండ్లు చేసుకుంట బతికిండు. గనిల పైకప్పు కూలి మోకాలు బిగుసుకుపోయిన లింగమూర్తికి ఒక పక్క పెడల్ కడ్డీ పొట్టిగ కోసి సైకిల్ చేసిచ్చిండు. లింగమూర్తి చనిపోయే దాకా దాని మీదనే తిరిగిండు.

నేను ఆ గనిలో ముప్పై నాలుగేండ్లు లాంప్‌రూమ్ గుమస్తాను. లోపలికి దిగేటోనికి దీపం ఇచ్చుడు, ఎక్కి వచ్చినంక తీసుకొనుడు. మధ్యల పుస్తకం. మాట్లాడే అలవాటు తక్కువ కనుక దోస్తులూ తక్కువ. సర్దార్‌కు ఉర్దూ తప్ప చదువ రాదు. పొద్దుమూకినంక దుకాణం ముందటి బల్ల మీద కూచొని నేను తెలుగు పేపర్ చదివి వినిపిస్తే వినేటోడు. పక్కన యాదవ్వ టీ బండి. మా స్నేహమంతా ఇంతే, ఇరవై ఎనిమిదేండ్లుగ.

రిటైరైనంక నాకు ఒక కోరిక పుట్టింది. నేను పుట్టింది ఇచ్చోడల. అక్క కిష్టవ్వ అక్కడే ఉంటది. బస్సుల ఎన్నిసార్లు పోయిన్నో లెక్క లేదు. ఒక్కసారి సైకిల్ మీద, మంచిర్యాల దాటి, నిర్మల్ దాటి, ఘాటు ఎక్కి పోవాలని. చెప్తే సర్దార్ నవ్వలేదు. నన్ను పైనుంచి కింది దాకా చూసిండు.

"నీవి కొంగ కాళ్లు దేవదాసన్నా. దుకాణంల దొరికే సైకిల్ నీకు పనికిరాదు. ఘాటుకు గొలుసు తిరిగే పండ్ల చక్రం వేరేది గావాలె, సంచులకు ముందట ఎన్క క్యారేర్లు గావాలె. నేను చేస్త."

కొలతకు గోడకు ఆనుకొని నిలబడమన్నడు. కాళ్ల నడుమ ఒక లావు పుస్తకం పెట్టి పైకి నొక్కి, దాని అంచు కాడ గోడ మీద గీత గీయాలట. "పుస్తకమంటే నీకు పానం గద, జర గట్టిగ పట్టుకో" అన్నడు. యాదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పైపులు హైదరాబాద్ నుంచి వచ్చినయి. పని మొదలయ్యే సరికి ఆయన కండ్ల సంగతి బయటపడింది. కరీంనగర్‌ల డాక్టరు కాలా మోతియా, అంటే గ్లకోమా, అన్నడు. పోయిన చూపు ఆపరేషన్ చేసినా రాదు, ఉన్నది కాపాడుకోవాలె, చుక్కలు తప్పొద్దు అన్నడు. సర్దార్‌కు ఎదురుగ ఉన్నది గుండ్రంగ కొంచెం కనిపిస్తది, చుట్టూ ఏమీ ఉండదు. "పైపుల నుంచి చూసినట్టు" అని నాకు చెప్పిండు, నా సైకిల్ కోసం కోసిన పైపు కంటికి పెట్టుకొని. అదొక్కటే ఆయన దాని గురించి చేసిన జోకు.

ఆయన భార్య షాజాదీ బేగం ఒకనాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే గడప కాడనే నిలబడ్డది.

"భాయ్‌సాబ్, ఈ సైకిల్ అయినంక గ్యాసు సిలిండర్ వాపస్ ఇచ్చేస్త. మొన్న అంగీ చెయ్యి కాల్చుకున్నరు. ఇదే ఆఖరుది. ఆయన ఏం అడిగినా మంచిగుందనే చెప్పున్రి. పరేషాన్ చెయ్యకున్రి."

నేను తల ఊపిన.

ఆ మధ్యాహ్నమే ఫ్రేమ్ టాకా మీద ఉంది. అంటే ఇత్తడి నిండా కరిగించి అతకక ముందు చుక్కలు పెట్టి నిలిపిండు. ఎన్క చక్రం కూచునే ఒక కొన కాడ దారం కట్టి, ముందటి హ్యాండిల్ పైపు చుట్టూ తిప్పి, రెండో కొనకు తెచ్చి కట్టాలె. సీటు పైపుకు దారానికి నడుమ రెండు దిక్కుల సందు సమానం ఉంటే ఫ్రేమ్ సీదా. సందు కొలిచేందుకు ఆయన దగ్గర చిన్న చెక్కముక్క. ఇన్నేండ్లు అది ఒక్కడే చేసుకున్నడు. ఇప్పుడు ఒక పక్క చూస్తే రెండో పక్క మాయమైతుంది.

"నువ్వు చూడన్నా" అని చెక్కముక్క నా చేతికి ఇచ్చిండు.

కుడి దిక్కు చెక్క పెడితే దారానికి సరిగ్గ తాకింది. ఎడమ దిక్కు పెట్టిన. చెక్కకు దారానికి నడుమ అగ్గిపుల్ల దూరెంత సందు మిగిలింది. ఇంకోసారి పెట్టిన. అంతే.

"సమానం ఉన్నదా?"

ఆయన మొఖం నా దిక్కు లేదు, నేను ఉన్ననని అనుకున్న దిక్కు ఉంది.

"ఉన్నది" అన్న.

అగ్గిపుల్లంత తేడాకు ఏమైతదిలే అనుకున్న. దీపాలు లెక్కబెట్టిన మనిషిని, నాకేం తెలుసు.

ఆయన మంట వెలిగించి, ఆ రోజూ మర్నాడూ కూచొని అతుకులన్నీ నింపిండు. ఎడమ అరచేయి కాలింది. రంగు కాఫీ గింజల రంగు, నేను అడిగిందే. సిలిండర్ పోయిన మూడో రోజు సైకిల్ బయటికి వచ్చింది.

"ట్యాంకు దాకా పో. వచ్చేటప్పుడు చేతులు ఇడువు" అన్నడు.

"నాకు అరవై నాలుగేండ్లు సర్దార్."

"నెల నుంచి పాత సైకిల్ మీద చేతులు ఇడుసుడు నేర్చుకుంటున్నవట. రెండుసార్లు పడ్డవని గూడ చెప్పిన్రు."

ఎక్కిన. నా ఒంటికి కొలిచి చేసిన వస్తువు అంతకుముందు నాకు ఏదీ లేదు, పెండ్లి నాటి సూటు గూడ మా బావది. మోకాళ్లు హ్యాండిల్‌కు తాకలేదు. నడుము వంగలేదు. పెడల్ కిందికి పోయినప్పుడు కాలు పూర్తిగ చాపుకుంది. ట్యాంకు ఇంత దగ్గర ఉందా అనిపించింది. ఆ ఒక్క నిమిషం నేను ఇచ్చోడ పోయి వచ్చినట్టే.

తిరిగేటప్పుడు చేతులు లేపిన. ముందటి చక్రం ఎడమకు తిరిగింది. బ్రేకు పట్టి, సీదా చేసి మళ్ల లేపిన. మళ్ల ఎడమకే, మళ్ల బ్రేకు. మూడోసారి రోడ్డు పక్క మోరి అంచు దాకా పోయి ఆగిన.

దుకాణం ముందట సర్దార్ నిలబడి ఉన్నడు. షాజాదీ బేగం తలుపు కాడ.

"చేతులు ఇడిసినవా?"

"ఇడిసిన."

"సీదా పోయిందా?"

ఆమె నన్నే చూస్తుంది.

"పోయింది."

ఆయన హ్యాండిల్ తడిమి పట్టుకున్నడు. "మూడుసార్లు బ్రేకు పట్టినవ్. విన్న. ఎటు గుంజుతుంది?"

"ఎడమకు."

"దారం కాడ ఎంత ఉండె?"

"అగ్గిపుల్లంత."

"నువ్వు 'ఉన్నది' అనేముందు జర ఆగినవ్. బరాబర్ ఉంటే ఆగుడు ఎందుకని అప్పుడే అనుకున్న. మళ్ల, దేవదాసన్న చదివిన మనిషి, చూసి చెప్తుండు అనుకున్న." ఆయన గొంతు పెంచలేదు. "టాకా మీద ఉండె. గుంజితే రెండు నిమిషాల పని. ఇప్పుడు కాల్చి విప్పాలె. సిలిండర్ పోయింది, ఉన్నా మంట ఎక్కడ పడుతదో నాకే తెల్వది."

"నేనే చెప్పమన్న జీ" అంది షాజాదీ బేగం.

"మంచిగున్నదా అని నేను అడగలే. ఎంతున్నదో అడిగిన" అన్నడు, ఆమెతోనో నాతోనో.

కుడి పక్క సంచిల ఒక ఇటుక ఎక్కువ పెట్టుకో, కొంత సర్దుకుంటది అని చెప్పి లోపలికి పోయిండు. పెట్టుకున్న. మొన్న ఇచ్చోడ తొవ్వల లక్సెట్టిపేట దాకా పోయి వచ్చిన. చేతులు వదలకుంటే చూసేటోళ్లకు తెలవదు. నా కుడి మణికట్టుకు తెలుస్తది. అక్కడి నుంచే ఎన్కకు మర్లిన.

పేపర్ చదువుడు ఆగలేదు. ఆయనే "చదువన్నా" అంటడు. వింటడు. నిన్న పొద్దుమూకినప్పుడు కంటి చుక్కల సీసా జేబుల నుంచి తీసిండు. ఎర్ర మూతది పొద్దటికి, నీలం మూతది రాత్రికి; మసక వెలుగుల ఆయనకు రెండూ ఒక్క తీరే.

"యాదవ్వా, జర ఇటు రా. ఇది ఏ రంగు చూసి చెప్పు."

యాదవ్వ గిన్నెలు కడుగుతుంది. నేను ఆయన పక్కనే, మోకాలు తగిలేంత దగ్గర కూచున్న. మూత నీలం. ఆమె చేతులు తుడుచుకొని వచ్చేదాకా ఆయన సీసా ముందుకు చాపి పట్టుకొనే ఉన్నడు.